ఎనభయ్యో దోషం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఎల్‌డాప్ మాడిఫై: అదర్, ఇ.జి., ఇంప్లిమెంటేషన్ స్పెసిఫిక్, ఎర్రర్ 80.

అవతారిక: ఓ కళాశాల కంప్యూటర్ సెంటర్. రాత్రి పదకొండున్నర. ఏసీ చప్పుడు తప్ప మరో సవ్వడి లేదు. డైరెక్టరీ సర్వర్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టమని పొద్దున పైనుంచి తాఖీదు వచ్చింది. నిర్వాహకుడు సర్టిఫికెట్ తెచ్చాడు, ప్రైవేట్ కీ తెచ్చాడు, రెండూ ఫలానా చోట ఉన్నాయని సర్వర్‌కి విన్నవించుకున్నాడు. జవాబుగా తెరమీద వెలసిన వాక్యం పైది. అందులో కర్త లేడు, క్రియ లేదు. కర్మ మాత్రం ఉంది, అది చదివేవాడిది. అసలు మూలంలో రెండు జతల బ్రాకెట్లున్నాయి. పారాయణకు అడ్డమని టీకాకారుడు వాటిని విప్పేశాడు.

డైరెక్టరీ అంటే ఊరంతటికీ ఒకే పటేల్ దస్త్రం లాంటిది. ఎవరి పేరేంటి, ఏ విభాగం, ఏ పాస్‌వర్డ్ అని మిగతా కంప్యూటర్లన్నీ దాన్నే అడుగుతాయి. అడిగే భాష పేరు ఎల్‌డాప్. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. కవచం లేకుండా మామూలు పద్ధతిలో లాగిన్ అయితే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా తీగమీద వెళ్తుంది. మధ్యలో చెవి పెట్టినవాడికల్లా వినిపిస్తుంది. అందుకే టీఎల్ఎస్ అనే ఈ కవచం, అందుకే ఈ రాత్రి.

ప్రతిపదార్థం: ఎల్‌డాప్ మాడిఫై, స్పష్టం. అదర్ అంటే ఇతరము. దేనికి ఇతరం? న్యాయశాస్త్రంలో అన్యోన్యాభావం అని ఒకటుంది. కుండ గుడ్డ కాదు, గుడ్డ కుండ కాదు. సరిగ్గా ఆ తీరులోనే ఎల్‌డాప్ ప్రమాణపత్రం దోషాలకు వరసగా పేర్లు పెట్టుకుంటూ వచ్చి, ఆ పేర్లలో ఇమడని దాన్ని 80 అనే అంకె కింద పడేసింది. ఉపనిషత్తు నేతి నేతి అంటూ పరబ్రహ్మ దగ్గరికి చేరుస్తుంది. ఇక్కడ అదే దారిలో వెళ్తే ఎనభై తగులుతుంది.

ఇ.జి. అంటే ఉదాహరణకు. ఉదాహరణకు అన్నాక ఉదాహరణ రావడం లోకరీతి. ఇక్కడ వచ్చింది ఇంప్లిమెంటేషన్ స్పెసిఫిక్, అనగా ఎవరి కట్టడాన్ని బట్టి వారిది. ఏం కూర వండావే అని అడిగితే, 'ఇతరం, ఉదాహరణకు ఈ పూట నాకు తోచింది' అన్నట్టు.

ఇక లాగ్ తెరిచి చూస్తే వివరం దొరుకుతుందని కొందరి మతం. సర్వర్ లేచేటప్పుడే ఇదే తప్పు తగిలితే అక్కడ 'మెయిన్: టీఎల్ఎస్ ఇనిట్ డెఫ్ సీటీఎక్స్ ఫెయిల్డ్: మైనస్ 1' అని ఉంటుంది. టీక కోసం వెళ్తే బీజాక్షరాలు దొరికాయి. ఈ పాఠం డెబియన్ లినక్స్ సంప్రదాయంలో ప్రసిద్ధం. దానికి గురుముఖంగా తెలియవలసిన అర్థం ఇంతే: ప్రైవేట్ కీ ఉన్న ఫైలును చదివే హక్కు సర్వర్‌కి లేదు.

ఇక్కడ టీకాకారుడికి గాంభీర్యం నిలవడం లేదు. ఆ ఫైలు తెరవబోయినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ 'అనుమతి లేదు' అని తేటతెల్లంగానే చెప్పింది. ఏ ఫైలుకి లేదో సర్వర్‌కి తెలుసు. తెలిసిన ఆ రెండు ముక్కలను ముందు మైనస్ ఒకటి చేసి, తర్వాత ఎనభై చేసి, చివరికి 'ఇతరం, ఉదాహరణకు' అని ఆశీర్వదించింది. తెలియక చెప్పనివాడి మీద కోపం రాదు. తెలిసి నసిగేవాడి మీద వస్తుంది.

విశేషం: ప్రైవేట్ కీ అనగా ముద్రిక. దీనికి విశాఖదత్తుడి ముద్రారాక్షసాన్ని మించిన భాష్యం లేదు. నందుల మంత్రి రాక్షసుడు పాటలీపుత్రం వదిలిపోతూ భార్యాబిడ్డలను మిత్రుడు చందనదాసు ఇంట్లో దాచాడు. తన పేరు చెక్కిన ఉంగరాన్ని భార్య దగ్గర వదిలాడు. చాణక్యుడి వేగు యమపటం చూపిస్తూ పాటలు పాడే బిచ్చగాడి వేషంలో ఆ ఇంట్లో దూరాడు. ఐదేళ్ల పిల్లవాడొకడు వింత చూద్దామని లోపలి గదిలోంచి బయటికి పరిగెత్తాడు. ఆడవాళ్లు కంగారుపడ్డారు. ఒకామె గుమ్మంలోంచి చెయ్యి చాచి పిల్లవాణ్ని వెనక్కి లాగింది. మగవాడి వేలికని చేసిన ఉంగరం కదా, వదులై జారింది. గడప దగ్గర దొర్లి దొర్లి వేగు కాళ్ల ముందు ఆగింది. అంతే! రాక్షసుడి భద్రతా వ్యవహారం మొత్తం ఆ గడప దగ్గర తేలిపోయింది.

ఉంగరం చేతికొచ్చాక చాణక్యుడు చేసిన పని చూడాలి. రాక్షసుడి ఆప్తుడు శకటదాసు చేతనే, ఎందుకో తెలియనివ్వకుండా, ఓ లేఖ రాయించాడు. ఉంగరంతో ముద్ర వేయించాడు. దస్తూరీ అసలుదే, ముద్రా అసలుదే. అబద్ధమల్లా లోపలి మాట. ఐదో అంకంలో ఆ లేఖ రాక్షసుడు ఆశ్రయించిన రాజు మలయకేతువు చేతిలో పడుతుంది. అతను ముద్ర పరీక్షిస్తాడు, సరిపోతుంది. రాక్షసుణ్ని ద్రోహి అని వెళ్లగొడతాడు, తోడుగా వచ్చిన ఐదుగురు రాజులను చంపిస్తాడు. కత్తి దూయకుండా చాణక్యుడు ఒక కూటమిని కూల్చాడు.

ఇందులో అసలు విషాదం సాధారణంగా ఎవరూ ఎత్తి చెప్పరు. ఆ ఉంగరం మధ్యలో ఒకసారి రాక్షసుడి దగ్గరికి తిరిగొచ్చింది! చాణక్యుడి మనిషే తెచ్చి, చందనదాసు గుమ్మం దగ్గర దొరికిందని ఇచ్చాడు. ఎన్నాళ్లు పరాయివాళ్ల చేతిలో ఉందో, ఏం ముద్రలు పడ్డాయో రాక్షసుడు అడగలేదు. పుచ్చుకుని వాడుకలో పెట్టాడు. 2014 ఏప్రిల్‌లో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ రంధ్రం బయటపడి, సర్వర్ల జ్ఞాపకంలోంచి ప్రైవేట్ కీలు కారిపోవచ్చని తేలినప్పుడు కొందరు కొత్త సర్టిఫికెట్లు తీసుకున్నారు, పాత కీ మీదే. రాక్షసుడి శిష్యకోటి ఇంకా ఉంది.

ఇంతకీ టీకాకారుడు ఎక్కడున్నాడు? ఎనభై దగ్గర. మన నిర్వాహకుడు రాక్షసుడి తప్పు చేయలేదు, దానికి తలకిందులు చేశాడు. కీ భద్రమన్నారని ఫైలు హక్కులు 600 చేసి, రూట్ యూజర్ తప్ప ఎవరూ తాకకుండా బిగించాడు. కానీ డెబియన్‌లో సర్వర్ నడిచేది ఓపెన్‌ఎల్‌డాప్ అనే వేరే యూజర్ పేరున. అంటే ఉంగరాన్ని పెట్టెలో పెట్టి, రాక్షసుడి వేలికి కూడా అందకుండా తాళం వేశాడు. సర్వర్‌ని తగిన గ్రూపులో చేర్చి, హక్కులు 640 చేస్తే కథ ముగుస్తుంది. విసిగిన కొందరు ఇక్కడే 777 కొడతారు. గడప మీద ఉంగరం పెట్టి తలుపు తెరిచి పడుకోవడం అంటారు దాన్ని. హక్కులు సరిచేసినా 80 వదలకపోతే సర్టిఫికెట్‌నీ కీనీ విడివిడిగా కాక ఒకే మార్పులో కలిపి ఇచ్చి చూడాలి. ఈ సర్వర్‌కి దంపతులు జంటగా పీటల మీద కూర్చోవాలి.

మూలవిచారం: సర్టిఫికెట్ల వ్యవహారమంతా మూలం అనే మాట చుట్టూ తిరుగుతుంది. మన మెదక్ జిల్లా కొల్చారం పేరు నిలబెట్టిన మల్లినాథ సూరి, తాను మూలం లేనిది ఏదీ రాయననీ అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యానం మొదట్లోనే ప్రతిన పట్టాడు. రెండోది ఈ టీకాకారుడికి పడదు. మొదటిది మాత్రం ప్రతి ఎల్‌డాప్ క్లయింటూ పట్టిన ప్రతినే. సర్వర్ సర్టిఫికెట్ మీద మధ్యవర్తి సంతకం, మధ్యవర్తి మీద మూలసంస్థ సంతకం. మరి మూలసంస్థ మీద ఎవరిది? దానిదే. స్వయంభువు. నిర్వాహకుడు ఇంట్లో కూర్చుని తన సర్టిఫికెట్ మీద తానే సంతకం పెడితే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ దోషం 18 అని నమోదు చేస్తుంది. అదే పని పెద్దవాళ్లు చేస్తే విశ్వాసానికి పునాది అవుతుంది. స్వయంభువుల్లోనూ గుడి కట్టినవి, కట్టనివి ఉన్నాయి.

ఎక్కువమందిని పట్టేది 20. సంతకం పెట్టినవాడు ఇక్కడ కనబడలేదు అని దాని అర్థం. సర్వర్ తన సర్టిఫికెట్ ఒక్కటే పంపి మధ్యవర్తిని ఇంట్లో మర్చిపోతుంది. 'ఇదే సర్టిఫికెట్ వెబ్‌సైట్‌కి పెడితే పనిచేసింది కదా' అన్నది పూర్వపక్షం. బ్రౌజర్లు తప్పిపోయిన మధ్యవర్తిని తామే వెతికి తెచ్చుకోగలవు. ఎల్‌డాప్ క్లయింటు గడప దాటదు అన్నది సిద్ధాంతం.

మూలానికి కూడా ఆయుర్దాయం ఉంది. యాడ్‌ట్రస్ట్ అనే మూల సర్టిఫికెట్ 2000 మే 30న పుట్టి 2020 మే 30న, సరిగ్గా ఇరవై ఏళ్లకు, కన్నుమూసింది. కింది తరాలు బతికే ఉన్నాయి, కొత్త మూలానికి ఇంకో దారీ ఉంది. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.0 తరం, అదే పని చేసే పాత గ్నూ టీఎల్ఎస్ మాత్రం ఆ ముత్తాత శవం దగ్గరే ఆగిపోయాయి. డెబియన్ ఓపెన్ ఎల్‌డాప్ అప్పట్లో ఆధారపడింది ఆ గ్నూ టీఎల్ఎస్ మీదే. ఆ శనివారం ఎందరి సెలవు పోయిందో!

వ్యాకరణ విశేషం: ఎన్‌క్రిప్షన్‌కి రెండు దారులు. 636 పోర్టు కర్ణుడి పుట్టుక; కవచంతోనే భూమ్మీద పడుతుంది. 389 పోర్టు మామూలుగా బయల్దేరి దారిలో కవచం తొడుక్కుంటుంది. ఆ తొడుక్కోవడాన్ని స్టార్ట్ టీఎల్ఎస్ అంటారు. కర్ణుడికి మళ్లీ కవచం తొడగబోతే 'టీఎల్ఎస్ ఆల్రెడీ స్టార్టెడ్' అని విసుక్కుంటాడు. ఎల్‌డాప్‌సెర్చ్ ఆజ్ఞలో ఈ తొడుగుకి జెడ్ అనే అక్షరం వాడతారు. ఒక్క జెడ్ అయితే, తొడగడానికి ప్రయత్నించు, కుదరకపోతే ఒట్టి ఒంటితోనే పో అని. రెండు జెడ్‌లైతే కుదరకపోతే ఆగు అని. తెలుగు వ్యాకరణంలో ఇలా రెట్టించిన రెండో మాటను ఆమ్రేడితం అంటారు. రెండుసార్లు చెబితే తప్ప మాట పట్టింపు కాదనుకునే ఆచారం ఇంటి పెద్దలకే ఉందనుకున్నాం.

రెండో మూలం: టీఎల్ఎస్: హోస్ట్‌నేమ్ డజ్ నాట్ మ్యాచ్ సీఎన్ ఇన్ పీర్ సర్టిఫికెట్.

ఎనభైని జయించిన అరగంటకి, ల్యాబ్ కంప్యూటర్ నుంచి పరీక్షిస్తే ఇది వచ్చింది. మొదటిదానితో పోలిస్తే మహాకావ్యం; కర్త ఉన్నాడు, క్రియ ఉంది, తప్పేమిటో ఉంది. సర్టిఫికెట్‌లో సర్వర్ పూర్తి పేరుంది, ల్యాబ్ కంప్యూటర్ పిలుస్తున్నది ఐపీ అంకెతో. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో నిండుగా ఉన్న తెలుగువాడికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంట్లో బుజ్జి, బ్యాంకులో వెంకట సూర్యనారాయణ. ప్రత్యామ్నాయ నామాల పట్టీలో పిలుపు పేర్లన్నీ రాయించి సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవడం, లేదా పూర్తి పేరుతోనే పిలవడం మందు.

నిర్వాహకుడు ఓ సీనియర్‌కి ఫోన్ చేశాడు. అవతల నిద్రమత్తు గొంతు.

'సార్, పేరు కలవట్లేదంటోంది.'

'కాన్ఫ్ ఫైల్లో రెక్‌సర్ట్ నెవర్ పెట్టేసి పడుకో బాబూ. అందరూ అదే చేస్తారు.'

నెవర్ అంటే సర్టిఫికెట్ అడగను, చూడను అని. ఊరికే ఉంచితే ఉండే మాట డిమాండ్. పర్ణశాల ముందు భిక్షువేషంలో నిలబడ్డవాణ్ని సీత నమ్మింది నెవర్. అశోకవనంలో రామకథ చెబుతూ వచ్చిన హనుమంతుణ్ని కూడా రావణుడేమోనని శంకించి, రాముడి ఆనవాళ్లు చెప్పమని అడిగింది డిమాండ్. మధ్యలో ఆమెకు జరిగింది అందరికీ తెలుసు. నెవర్ పెట్టినా ఎన్‌క్రిప్షన్ ఉంటుంది; ఎవరితో మాట్లాడుతున్నామో తెలియదంతే. దొంగకి పాస్‌వర్డ్‌ని రహస్యంగా, ఎవరూ వినకుండా అప్పజెప్పవచ్చు.

నిర్వాహకుడు ల్యాబ్ కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచాడు. నెవర్ అప్పటికే ఉండాల్సిన చోట ఉంది, పౌండు గుర్తు వెనక నిద్రపోతూ. ఎప్పుడో మేల్కొల్పి, మళ్లీ నిద్రపుచ్చినట్టున్నారు. పౌండు గుర్తుతో మొదలైన వాక్యాన్ని కంప్యూటర్ చదవదు, మనుషుల కోసం రాసిన టీక అది. పైవరసలో ఇంకెవరో రాసిన టీక ఇంకొకటుంది: 'తాత్కాలికం. రేపు తీసేయాలి. 2016.'

అతను పౌండు గుర్తు చెరిపేశాడు.

తాత్కాలికం: స్పష్టం.