టీకా ఎగ్గొట్టదలచిన తల్లిదండ్రులకు చిట్కాలు

బిడ్డకు తొమ్మిది నెలలు నిండాయి, తట్టు టీకాకు తీసుకురమ్మని ఏఎన్‌ఎం కబురు పెట్టిందా? కంగారు పడకండి. "జలుబు చేసిందమ్మా, వచ్చే బుధవారం చూద్దాం" అనండి. మామూలు జలుబుకు టీకా ఆపక్కర్లేదని ఆమె అంటుంది. ఆమెకేం తెలుసు, రోజూ టీకాలేసే మనిషి!

తర్వాత మీకో ఆధారం కావాలి. ఎంత చిన్నదైతే అంత మేలు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే లండన్ డాక్టరు 12 మంది పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాసి, తట్టుకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. ఆ 12 మందినీ వదలొద్దు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి అలాంటి సంబంధమేదీ లేదని 2019లో తేల్చారని ఎవరైనా అంటే, "అంతమందిని ఎవరు లెక్కపెట్టారండీ?" అని నవ్వేయండి. టీకా కంపెనీల మీద దావాకు సిద్ధమవుతున్న లాయరు నుంచి వేక్‌ఫీల్డ్‌కు డబ్బు ముట్టిందనీ, కొడుకు పుట్టినరోజుకు వచ్చిన పిల్లలకు ఐదేసి పౌండ్లిచ్చి రక్తం తీయించాడనీ, 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని రద్దు చేసిందనీ, డాక్టర్ల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారనీ ఎత్తకండి. అవతలివాళ్లు ఎత్తితే "నిజం చెప్పినవాళ్లకు ఇదే గతి" అనాలి. దీనికి జవాబు చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆటిజం లక్షణాలు చాలావరకు ఏడాది, రెండేళ్ల మధ్య కనబడతాయి. టీకాల వయసూ అదే. ముందు సూది, తర్వాత జబ్బు, ఇంకేం కావాలి? ఆ వయసులోనే నడకా మాటలూ వస్తాయి. అవి టీకా పుణ్యమని మాత్రం అనొద్దు.

జ్వరం, సూది గుచ్చినచోట వాపు, అరుదుగా జ్వరంతో ఫిట్స్, మరీ అరుదుగా తీవ్రమైన అలర్జీ: ఇవి డాక్టర్లే చెబుతారు, అందుకే అరగంట కూర్చోబెడతారు. వాళ్లు ఒప్పుకున్నవి మనకు పనికిరావు, దాచినవి కావాలి.

పసిఫిక్ ద్వీపదేశం సమోవా సంగతి సగమే చెప్పండి. 2018లో అక్కడ ఎంఎంఆర్ వేసిన ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. అక్కడ ఆగాలి. టీకా పొడిలో నీళ్లకు బదులు నర్సులు గడువు తీరిన కండరాల సడలింపు మందు కలిపారని, ఆ భయంతో టీకాలు వేయించడం తగ్గిపోయి మరుసటి ఏడాది తట్టుకు 83 మంది, ఎక్కువగా చిన్నపిల్లలే, బలయ్యారని అడిగితేనే గొణగండి.

ఇవన్నీ పదిమందిలో చెప్పేటప్పుడు పొడుగు చేతుల చొక్కా తొడుక్కోండి. మీ ఎడమ జబ్బ మీద బీసీజీ మచ్చ కనబడుతోంది.