మా రోజుల్లో కమాండ్లు డబ్బా కొట్టుకునేవి కావు

మా రోజుల్లో కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే, పనయ్యాక ప్రాంప్ట్ తిరిగొచ్చేది. అంతే. సీపీ వెయ్యి ఫైళ్లు కాపీ చేసినా కిక్కురుమనేది కాదు. ఎమ్‌వీ, ఆర్‌ఎమ్ కూడా అంతే. తెర మీద ఏదైనా పడిందంటే తేడా జరిగినట్టే. చేతిలో పని ఆపి చదివేవాళ్లం.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందున్నది టెలిటైపు. మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కాగితం మీద టకటకా కొట్టేది. 70 అక్షరాల సొల్లు వాక్యానికి ఏడు సెకన్లు కూర్చోవాలి! 1973లో పైపులొచ్చాక ఇంకో కారణం తోడైంది. ఒక ప్రోగ్రాం ఔట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్ అయినప్పుడు, మధ్యలో ఊసుపోక చెప్పే కబుర్లు డేటాలో కలిసిపోతాయి. ఎర్రర్లకి వేరే దారి కూడా అలాంటి అవసరంతోనే పుట్టింది. ఫొటో టైప్‌సెట్టర్ మీద డాక్యుమెంటుకి బదులు ఎర్రర్ సందేశాలే అచ్చయి వస్తుంటే, స్టాండర్డ్ ఎర్రర్ అని విడిగా పెట్టారు.

ఇప్పుడు ఆ దారి నిండా రొదే. కర్ల్ ఔట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లిస్తే చాలు, శాతాలూ వేగాలూ పట్టికేసి అక్కడ చూపిస్తుంది. గిట్ తన ప్రోగ్రెస్ అక్కడే పోస్తుంది. ఎన్‌పీఎమ్ అయితే మామూలు ఔట్‌పుట్‌లోనే ఎన్ని ప్యాకేజీలు విరాళాల కోసం చూస్తున్నాయో లెక్క చెబుతుంది. అడిగామా? కొత్తవాటినే అనడం న్యాయం కాదు. డీడీ పాతకాలపుదే అయినా రికార్డుల లెక్క అప్పజెప్పందే వదలదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. క్రాన్‌లో పెట్టిన జాబ్ ఒక్క ముక్క మాట్లాడినా మెయిల్ వస్తుంది. రోజూ అనవసరపు మెయిల్ వస్తుంటే ఎవరు తెరుస్తారు? విసుగొచ్చి స్టాండర్డ్ ఎర్రర్‌ని మొత్తంగా డెవ్ నల్‌లోకి తోసేస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో రాత్రి బ్యాకప్ స్క్రిప్టుకి ఇలాగే చేశారు. డిస్క్ నిండిపోయింది. టార్ రోజూ మొత్తుకుంటూనే ఉంది, ఆ మొత్తుకోలంతా నల్‌లోకే పోయింది. రీస్టోర్ చెయ్యాల్సిన రోజున చూస్తే వారాల తరబడి బ్యాకప్పే లేదు.

నోరు మూయించడానికి పద్ధతుంది. కర్ల్‌కి చిన్న ఎస్ ఒక్కటే ఇస్తే ఎర్రర్లు కూడా మాయమవుతాయి. పక్కన పెద్ద ఎస్ కూడా ఇవ్వాలి. 2019లో వచ్చిన 7.67 నుంచి నో ప్రోగ్రెస్ మీటర్ అనే ఆప్షనే ఉంది. లినక్స్‌లో ఉండే గ్నూ డీడీకి స్టేటస్ ఈక్వల్స్ నన్ ఇస్తే లెక్కలు ఆగుతాయి, ఎర్రర్లు ఆగవు. డబ్ల్యూగెట్‌కి నో వెర్బోస్ ఇస్తే రొద చాలావరకు తగ్గుతుంది. పని సవ్యంగా అయిందో లేదో తెలియాలంటే ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా అయితే అయినట్టు.

కొత్తగా టూల్స్ రాసే పిల్లలకి నా మనవి ఒకటే. ఎదురుగా ఉన్నది టెర్మినలా కాదా అని చూడటానికి ఈజ్ ఎ టీటీవై అనే ఫంక్షన్ ఎప్పటినుంచో ఉంది, వాడండి. మనిషి లేని చోట ప్రోగ్రెస్ బార్లు గియ్యకండి. వివరాలు కావాలనుకున్నవాడు హైఫన్ వీ కొట్టి అడుగుతాడు. అడిగేదాకా ఆగండి.