ఉయ్యాలకూ కోరం కావాలట!

2017లో పార్లమెంటు తల్లికి 26 వారాల జీతపు సెలవిచ్చింది, మంచిదే. ఖర్చంతా యజమాని నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంది. ఇంకేముంది, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "పెళ్లయిందా అమ్మా? పిల్లల సంగతేమిటి?"

తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు నాన్నకు చట్టంలో ఒక్క రోజూ లేదు. ఆయనకు పిల్లలు సెలవుల్లో పుట్టాలి కాబోలు!

ఇక అపార్టుమెంటు కడుతున్నచోట, ఇసుకగుట్ట పక్కన చీర ఉయ్యాల్లో సిమెంటు దుమ్ము పీలుస్తున్న పసివాడు. చట్టం ప్రకారం అక్కడ కూలీలు 50 మందికి మించితేనే వాడికో గది. పాపం, వాళ్లమ్మతో కలిపి పన్నెండుగురే.

తమ జీతాలు పెంచుకునే బిల్లుకు చేతులెత్తే పెద్దలారా, ఆ చేతుల్లో ఒకటి ఇటూ ఎత్తండి. రెండోది బల్ల చరచుకోవడానికి ఉంటుందిగా!