దాహానికి పట్టా ఎక్కడ ఇస్తారు?

హైదరాబాద్ మియాపూర్‌లో బస్తీవాడు నల్లా కావాలంటే ముందు ఇంటి కాగితాలు చూపాలట. సబబే. పట్టా లేనివాడికి దాహం వేయడమే అక్రమం కదా! ఆ గుడిసె చిరునామా ఓటుకు పనికొస్తుంది, ఆధార్‌కు పనికొస్తుంది, బిందెడు నీళ్లకే పనికిరాదు. 2021 జనవరి నుంచి జలమండలి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమంటోంది. ఆ ఉచితం నల్లా ఉన్నవాడికే. లేనివాడు డ్రమ్ముకింతని కొనుక్కుని తన పేదరికం రుజువు చేసుకోవాలి.

కాగితం లేకున్నా నీళ్లివ్వాలని 2014 డిసెంబరులో బొంబాయి హైకోర్టు పానీ హక్ సమితి కేసులో తేల్చింది. నీళ్లిచ్చినంత మాత్రాన గుడిసె సక్రమమైపోదనీ, కావాలంటే ఎక్కువ ధర వసూలు చేసుకోవచ్చనీ కూడా చెప్పింది. అది బొంబాయి తీర్పు, మనకెందుకంటారా? మరి తాగునీరు జీవించే హక్కులో భాగమని 2000లో సుప్రీంకోర్టు చెప్పిన ఎం.వి. నాయుడు కేసు పుట్టింది మన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ల దగ్గరే. దేశానికంతటికీ ఆ హక్కును అందించిన ఊరు తన బస్తీకి మాత్రం బాకీ పడింది. ఇక నల్లా ఇస్తే కబ్జాలు పెరుగుతాయన్న భయం ఒకటి. సర్కారీ జాగాలో కట్టుకున్న ఇళ్లను క్రమబద్ధీకరించడానికి 2014 డిసెంబరు 30నే 58, 59 జీవోలు వచ్చాయి. అనుమతి లేని లేఅవుట్లకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. నేలనే రాసిచ్చినప్పుడు కలగని భయం గొట్టం వేసేటప్పుడే ఎందుకు పుట్టుకొస్తుందో!

కూలి మానుకుని కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారన్న ప్రశ్నలో మాత్రం నిజముంది. హైకోర్టు పేదవాడికి దూరమే. కానీ లీగల్ సర్వీసెస్ చట్టం నీటి సరఫరాను ప్రజోపయోగ సేవల్లో చేర్చింది. కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. అక్కడ రాజీ కుదరకపోతే తీర్పే చెబుతారు, దానిపై అప్పీలు లేదు. ఇంటికొకరు విడివిడిగా కాక బస్తీ అంతా కలిసి వెళ్తేనే బలం. అంతకుముందే చేయాల్సిన పని ఒకటుంది. కౌంటర్ దగ్గర నోటిమాటగా ‘రూల్స్ ఒప్పుకోవు’ అంటే నమ్మి వెనుదిరగొద్దు. ఆ రూలేదో రాసిమ్మని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు దానికి రుసుము కూడా లేదు.