ఇరుకు గదుల కటకం: ఒక జీవితకథ

36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గల సెన్సర్ మీద బింబాన్ని పరిచే ఈ వైడ్ యాంగిల్ కటకానికి నాభ్యంతరం 16 నుంచి 35 మి.మీ. వరకు మారుతుంది, నాభ్యంతరమంటే సమాంతరంగా వచ్చిన కిరణాలను కటకం ఎంత దూరంలో ఒక్కచోట చేరుస్తుందో తెలిపే కొలత, అది తగ్గినకొద్దీ కటకానికి కనబడే మేర పెరుగుతుంది. కొండలూ సముద్రతీరాలూ చిత్రించడానికి పేరుపడిన జాతిలో పుట్టినా, దీని ఆయుష్షు చాలావరకు హైదరాబాదులోని ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో, అందులోనూ బాత్రూములలో గడిచింది. 2017 నవంబరులో నాగోలు నుంచి ఉప్పల్ మీదుగా అమీర్‌పేటకు మెట్రో నడవడం మొదలయ్యాక, స్టేషనుకు దగ్గర అన్న మాట ఇక్కడి ఇళ్ల ప్రకటనలలో స్థిరపడింది. ఆ మాట పక్కన నిలిచే ఫొటోలు తీయడమే దీని వృత్తి.

హాలునూ పడకగదినీ చూపడం పెద్ద పని కాదు. అసలు పరీక్ష అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉండే బాత్రూములో ఎదురవుతుంది. తలుపు దగ్గర కెమెరాను నిలిపి ఎదుటి గోడకేసి చూపినప్పుడు, 24 మి.మీ. వద్ద ఈ కటకం అడ్డంగా 74 డిగ్రీల మేర చూస్తుంది కనుక పక్కగోడలు కెమెరాకు 3 అడుగుల 4 అంగుళాల దూరం నుంచి మాత్రమే ఫ్రేములోకి వస్తాయి, 16 మి.మీ. వద్ద ఆ మేర 97 డిగ్రీలకు పెరిగి, 2 అడుగుల 3 అంగుళాల నుంచే గోడలు కనబడతాయి. తలుపు పక్కనే ఉన్న వాష్ బేసిన్ ఫొటోలో ఉండడమూ లేకపోవడమూ తేలేది ఈ ఒక్క అడుగు తేడాలోనే. అయితే ఆ లాభానికి మూల్యం ఉంది: సరళరేఖలను సరళంగానే ఉంచే ఈ తరహా కటకం ఫ్రేము అంచులలోని వస్తువులను బయటికి సాగదీస్తుంది, అందుచేత మూలన పెట్టిన బకెట్ గుండ్రటి మూతి కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది, గది ఉన్నదానికంటే లోతుగా తోస్తుంది.

నాచారంలోనే ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియోస్ ఉంది. అటువంటి చోట వేసే సినిమా సెట్టులో చెక్కతోనో ప్లైవుడ్డుతోనో నిలిపిన గోడను అవసరమైతే ఊడదీసి కెమెరాను వెనక్కి జరుపుకోవచ్చు. మనుషులు కాపురముండే ఇంట్లో గోడ కదలదు కనుక, ట్రైపాడ్ కాళ్లలో ఒకటి గడప బయట, రెండు తడి టైల్స్ మీద నిలిచి, ఫొటోగ్రాఫరు తలుపు చాటున నక్కి టైమరు నొక్కవలసి వస్తుంది. కెమెరాను నాలుగడుగుల ఎత్తున సమతలంగా నిలిపితే గోడల నిలువు గీతలు నిటారుగా వస్తాయి. నేల మరింత కనబడాలని కిందికి వంచితే ఆ గీతలు కింద దగ్గరపడి పైన విచ్చుకుంటాయి. ఈ దోషం రాకుండా కటకాన్నే పైకీ కిందికీ జరుపుకొనే ఏర్పాటుతో కెనాన్ 2009లో 17 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ కటకాన్ని తెచ్చింది. అటువంటి భాగ్యం లేని ఈ కటకపు వంపులను సరిదిద్దడానికి 2013లో వచ్చిన లైట్‌రూమ్ 5 లోని అప్‌రైట్ సాధనం తోడ్పడింది, కాని అది గీతలను నిలబెట్టే క్రమంలో అంచులను కొంత కోసివేస్తుంది గనుక ముందే కాస్త ఎక్కువ మేర చిత్రించుకోవాలి.

వెలుతురు మరొక చిక్కు. వెంటిలేటరు బయటి ఎండకు సరిపెడితే గది చీకటవుతుంది, గదికి సరిపెడితే వెంటిలేటరు తెల్లగా వెలిసిపోతుంది. కాబట్టి వేర్వేరు వెలుతురు మోతాదులలో మూడు ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతారు. తెల్ల ఎల్ఈడీ బల్బు, అద్దం మీది పసుపు దీపం ఒకేసారి వెలిగితే టైల్స్ ఒకపక్క నీలంగా, మరోపక్క నారింజగా పడతాయి కనుక ఒకదాన్ని ఆర్పడమే మేలు. అద్దానికి ఎదురుగా నిలిచిన కెమెరా అద్దంలో తప్పక కనబడుతుంది; పక్కకు జరిగే చోటు లేనప్పుడు మరోచోటి నుంచి తీసిన అద్దపు భాగాన్ని అతికించడమూ ఉంది.

ఎడిటింగు ఎక్కడ ఆగాలన్నది ఈ కటకానికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. వంగిన గీతలు, తప్పిన రంగులు కెమెరా తెచ్చిన దోషాలు గనుక వాటిని దిద్దడం న్యాయం. నల్లా మీద బోరు నీళ్ల ఉప్పు కట్టిన తెల్లపొరను ఫొటోకు ముందే గుడ్డతో తుడవాలి. పైకప్పు మీద చెమ్మ మరకను మాత్రం తుడిచివేయకూడదు, ఎందుకంటే అది గదికి సంబంధించిన నిజం, రేపు అక్కడ స్నానం చేసేవాళ్ల సమస్య. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టంలోని 12వ సెక్షను, బిల్డరు ప్రకటనలోనో మోడల్ ఫ్లాటులోనో తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు చెల్లించి నష్టపోయినవారికి పరిహారం దక్కేలా చూస్తుంది. అద్దెకు దిగేవారు ఆ చట్టం పరిధిలోకి రారు. ఇల్లు చూడకుండానే ఊరినుంచి అడ్వాన్సు పంపే కుటుంబాలకు ఫొటో ఒక్కటే ఆధారం గనుక, 16 వద్ద తీసిన ప్రతి ఫ్రేము పక్కన 24 వద్ద తీసిన మరొకటి చేర్చి, గది పొడవు వెడల్పులను అడుగులలో దాని కిందే రాయడం అవసరం.