ఎన్ని ఓడల్ని ముంచావు?

తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలు కలిసి వస్తే ఎవరెవరో నాకు ఇట్టే తెలిసిపోతుంది. కాలవల ఊరివాళ్లు తెనాలి పిల్లలు. విశాఖ ఆర్కే బీచ్ కనబడగానే కెరటాల వైపు పరుగు తీస్తారు, మాస్టార్లు వెనకాల కేకలేస్తుంటారు. సూర్యలంక ఇసుక తొక్కిన బాపట్ల వాళ్లకు సముద్రం కొత్త కాదు, తిన్నగా నా దగ్గరికే వస్తారు. రేపల్లె నుంచి వచ్చేవాళ్లలో నిజాంపట్నం హార్బరు పిల్లలుంటే మాత్రం నాకు పండగే.

నేను ఐఎన్‌ఎస్ కురుసురను, జలాంతర్గామిని. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో భారత నౌకాదళంలో చేరాను. 91 మీటర్ల పొడవు, 75 మంది సిబ్బంది. 2001 ఫిబ్రవరిలో రిటైరయ్యాక నన్ను ఒడ్డుకు లాగి కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. 2002 ఆగస్టు నుంచి జనం చూస్తున్నారు. 31 ఏళ్లు ఎవరి కంటా పడకుండా బతకడమే ఉద్యోగమైనదానికి, ఈ ముసలితనంలో టికెట్టు పెట్టి మరీ చూపించడం!

నా లోపల ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి తూము. పిల్లలు ఉడతల్లా దూరిపోతారు. వాళ్ల వెనకొచ్చే పెద్దవాళ్లకే తలలు తగులుతాయి. టార్పెడోల పక్కన మంచాలు చూసి, "ఇక్కడ పడుకునేవాళ్లా?" అని ఓ పాప నోరు తెరిచింది. అవునమ్మా, పడుకునేవాళ్లు. ఆ పక్కనే తినేవాళ్లు. మంచినీళ్లు కొలిచి వాడేవాళ్లు, స్నానం సంగతి అడక్కు.

చేపల బోట్ల ఇంట్లో పుట్టినట్టున్న కుర్రాడొకడు ఇంజన్ల గదిలో కదల్లేదు. "తాతా, నీళ్లలోపల ఇంజను ఎట్టా తిరుగుద్ది? పొగ ఎటు పోద్ది?" అని గైడును అడిగాడు. అడగాల్సింది అడిగాడు! నీటి అడుగున డీజిలు ఇంజను తిరగదు, దానికి గాలి కావాలి. పైన ఉన్నప్పుడు నా మూడు డీజిలు ఇంజన్లు తిరిగి బ్యాటరీలు నింపుతాయి. మునిగాక ఆ కరెంటుతోనే మోటార్లు నడుస్తాయి. మునగాలంటే ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వదలాలి, తేలాలంటే ఒత్తిడితో నింపి ఉంచిన గాలితో ఆ నీళ్లు బయటికి నెట్టాలి. బ్యాటరీ అయిపోవస్తే పైకి రాక తప్పదు. గొట్టం ఒక్కటి నీటిపైకి పెట్టి గాలి పీల్చుకునే ఆ కాసేపే మాకు ప్రాణగండం, శత్రువు పసిగట్టేది అప్పుడే.

ఇంత చెప్పినా ప్రతి బళ్లోంచీ వచ్చే చివరి ప్రశ్న ఒకటే: "ఎన్ని ఓడల్ని ముంచింది?"

ఒక్కటీ ముంచలేదు. 1971 నవంబరులో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగాను. టార్పెడోలు గొట్టాల్లో ఉన్నాయి, పేల్చడం మీద మాత్రం ఆంక్షలున్నాయి. కనిపించింది గుర్తుపెట్టుకోవాలి, నేను కనిపించకూడదు. కరంజ్ అనే నా తోటి జలాంతర్గామికి ఆ సమాచారం అప్పగించి, డిసెంబరు 4కి ముంబయి చేరాను. అప్పటికి యుద్ధం మొదలై ఒక్కరోజు. ఇది వినగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. సినిమాలు చూసి వస్తారు మరి.

సరిగ్గా యుద్ధం మొదలైన ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, ఇప్పుడు నేను కూర్చున్న ఈ విశాఖ తీరానికే ఎదురుగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. గైడు ఆ కథ చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టనీ, గెలిచింది మన దేశం. నాకు మాత్రం చేతులు రావు. ఘాజీ లోపలా ఇలాంటి మంచాలే, ఇలాంటి తూములే. అందులో ఒక్కరూ బతికి పైకి రాలేదు. తేలడం తెలిసినదానికే ఆ బాధ తెలుస్తుంది.

అమ్మానాన్నలకు, మాస్టార్లకు ఒక్క మాట. లోపలికొచ్చి సెల్ఫీ తీసుకుని, పిల్లల్ని వెనక గుమ్మంలోంచి బయటికి తోలుకుపోకండి. నన్ను చూపించే గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు, నీటి కింద బతకడమంటే ఏమిటో ఎరిగినవాళ్లు. వాళ్లకూ వయసు మీద పడుతోంది. పొగ ఎటు పోతుందని పిల్లల్ని అడగనివ్వండి. సోమవారం మాత్రం రాకండి, ఆ రోజు నాకు సెలవు.