పారిపోని మొగుడికి శాలువా

ఈసారి గులాబీ రిబ్బన్ల సభల్లో కొత్త అంశం చేరింది కదా, క్యాన్సరొచ్చిన భార్యను వదిలెయ్యని భర్తలకు సన్మానం. చాలా సంతోషం. వదిలెయ్యకపోవడం ఇంత గొప్ప సంగతని ముందే తెలిస్తే పెళ్లిపీటల మీదే మా ఆయనకో మెమెంటో ఇప్పించేదాన్ని.

తంతు మీరూ చూసే ఉంటారు. ముందు యాంకరమ్మ గొంతు తగ్గిస్తుంది. "జుట్టు ఊడినా, రొమ్ము తీసేసినా, ఆయన మాత్రం ఆమె చెయ్యి వదల్లేదూ..." అని సాగదీస్తుంది. వెనక వయొలిన్. భర్తగారు తలొంచుకుని వేదికెక్కుతారు. శాలువా, దండ, గులాబీ రంగు జ్ఞాపిక. ఫొటో కోసం ఆవిణ్ణీ పిలుస్తారు. పదహారు కీమోలు ఎక్కించుకున్నది ఆవిడ, దండ ఆయనకి. ఆవిడ పక్కన నిలబడి, దొంగల పాలవని సొత్తులా నవ్వాలి.

మా ఇంటికీ ఫోనొచ్చింది. "సార్‌ని కపుల్ కేటగిరీలో పెట్టాం మేడమ్, తప్పకుండా రావాలి." స్పీకర్లో విన్న మా ఆయన బిత్తరపోయి "నేనేం చేశానని?" అన్నారు. "పారిపోలేదని" అన్నాను. వెళ్లలేదు లెండి. శాలువాలు బీరువాలో ఇప్పటికే అరడజనున్నాయి.

ప్రొస్టేట్ తీయించుకున్న మగాళ్ల భార్యలకి ఇలాంటి దండలు పడగా నేనెక్కడా చూడలేదు. వాళ్లు డైపర్లు మార్చి, మంచానికి ఆ చివర పడుకుంటే అది ధర్మం. అదే ఈయన చేస్తే త్యాగం! ఆ ఆపరేషన్‌లో మగతనం పోకుండా నరాలు కాపాడే పద్ధతిని అమెరికాలో పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ 1982లోనే చేసి చూపించాడు. 1998లో వయాగ్రా వచ్చింది. మగవాడి పడకగదిలోకి వైద్యం తలుపు తట్టకుండానే వెళ్లింది. మా గది దగ్గరికొచ్చేసరికి దానికి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది.



ఇకపైన వేళాకోళం నావల్ల కాదు. నాలాంటివాళ్లకి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా లెట్రజోల్ అనే మందు రాసి రోజుకో మాత్ర చొప్పున అయిదేళ్లు వేసుకోమంటారు, కొందరికి ఇంకా ఎక్కువే. ఒంట్లో ఈస్ట్రోజెన్ అడుగంటుతుంది. కీళ్లు నొప్పెడతాయని చెప్పారు, ఎముకలు గుల్లబారతాయని కాల్షియం రాశారు. యోని పొడిబారి, చర్మం పలచబడి, మొగుడు దగ్గరికొస్తే మంటా, ఒక్కోసారి రక్తమూ వస్తాయని మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. నాకే మనసు చచ్చిపోయిందనుకున్నాను. తనంటే విసుగొచ్చిందని ఆయనా అనుకున్నారు. చివరికి మందులషాపులో అందరికీ దొరికే, హార్మోను కలవని జెల్ ట్యూబు చాలావరకు మమ్మల్ని గట్టెక్కించింది. ఆ సంగతి చెప్పింది డాక్టరు కాదు, కీమో వార్డులో పక్క మంచం ఆవిడ.

డాక్టరమ్మని తర్వాత అడిగాను, ఎందుకు చెప్పలేదని. "ప్రాణం దక్కింది కదమ్మా, ఈ వయసులో ఇంకా అవెందుకు?" అంది. నాకు యాభై రెండు. ఏ వయసులో ఎందుకో తేల్చాల్సింది నేనూ మా ఆయనా. చీటీ రాసే మీరెవరు?

చదువుకుని, నోరున్న నా గతే ఇది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని ఊరెళ్లే మనిషి సంగతేమిటి? ఆ వైద్యం తర్వాత యోని గోడలు అతుక్కుని దారి కుంచించుకుపోవచ్చు. పోకుండా, పుండ్లు మానినప్పటి నుంచి డైలేటర్ అనే నున్నటి గొట్టాన్ని వారానికి రెండు మూడుసార్లు వాడాలి. కాపురానికే కాదు, రేపు డాక్టరు లోపల పరీక్ష చెయ్యాలన్నా ఆ దారి ఉండాలి. కర్టెన్ లేని ఓపీలో, వెనక జనం తోసుకుంటుంటే, నర్సమ్మ చేతికో కవరిచ్చి "అర్థమైందామ్మా?" అంటుంది. ఈమె తలూపుతుంది, ఇంకేం చేస్తుంది. ఆ కవరు ట్రంకుపెట్టె అడుక్కి చేరుతుంది. అత్తగారు కంచం వేరుచేస్తుంది. కరెంటు తనకీ తగులుతుందని మొగుడు పక్క అరుగు మీదికి మారుస్తాడు. బయటినుంచి పెట్టిన కరెంటు ఒంట్లో నిలవదనీ, కలిసినంత మాత్రాన క్యాన్సర్ అంటుకోదనీ ఆ మొగుణ్ణి లోపలికి పిలిచి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఫ్లెక్సీలకి దొరికే తీరిక దీనికి దొరకదా?

సన్మాన సంఘాలవారికి ఒక విన్నపం. వచ్చే ఏడు శాలువాలు మానేసి ఆ డబ్బుతో జెల్ ట్యూబులూ డైలేటర్లూ కొనండి, తలుపున్న గదిలో ఒక కౌన్సెలర్‌ని కూర్చోబెట్టండి. భర్తల్ని వేదిక మీదికి కాదు, ఆ గదిలోకి పిలవండి. డాక్టర్లూ, మీ చీటీలో కాల్షియం కింద ఇంకో గీతకి చోటుంది. ఆమె అడుగుతుందేమోనని చూడకండి. ఆమె అడగదు. మీరే అడగండి.